నాలుగు గంటల తాడు

పద్నాలుగు నెలల్లో పదకొండు ఇళ్ల తాళంచెవులు నా చేతికి వచ్చి వెళ్లాయి. వాటిలో ఒక్కటీ నాది కాదు. ఊరికి వెళ్లేవాళ్ల ఇళ్లూ, పెంపుడు జంతువులూ చూసుకోబోతున్నానని మొదటిసారి చెప్పినప్పుడు బాపట్లలో మా అమ్మ ఫోను పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఊరివాళ్ల కుక్కలకు కాపలా ఉండటానికా అమ్మా ఇంగ్లండు వెళ్లింది? మన వీధి చివర ఎన్ని లేవు!" అంది.

2023 వేసవిలో, రెడింగ్‌లో నేను పదకొండేళ్లుగా అద్దెకున్న ఫ్లాటును యజమాని అమ్మకానికి పెట్టాడు. ఆ చుట్టుపక్కల ఒకే పడకగది ఉన్న ఫ్లాటుకు కూడా నెలకు పన్నెండు వందల పౌండ్లకు తక్కువ అడగడం లేదు. మా అబ్బాయి అప్పటికే ఉద్యోగం వచ్చి స్లౌలో స్నేహితులతో ఉంటున్నాడు. నేను ఒక స్వచ్ఛంద సంస్థకు లెక్కలు చూస్తాను. వారానికి మూడు రోజుల పని, అదీ ఇంటి నుంచే. కావలసిందల్లా ఒక బల్ల, ఇంటర్నెట్టు. ఆ బల్ల రెడింగ్‌లోనే ఎందుకుండాలి అని అడిగింది నాతో పనిచేసే ఆవిడ. ఆమె అక్క రిటైరయ్యాక ఇళ్లూ జంతువులూ చూసుకుంటూ దేశమంతా తిరుగుతోందట.

పెంపుడు జంతువులున్నవాళ్లు నెలా రెండు నెలలు ఊరికి వెళ్లేటప్పుడు వాటిని ఎక్కడో వదలడం ఇష్టంలేక, ఇంటినీ వాటినీ కలిపి ఒకరికి అప్పగిస్తారు. వచ్చినవారికి అద్దె లేదు, చేసే పనికి జీతమూ లేదు. ఇద్దరినీ కలిపే వెబ్‌సైట్లు రెండు వైపులా ఏడాది చందా తీసుకుంటాయి. వాటిలో పేరున్న ట్రస్టెడ్‌హౌస్‌సిట్టర్స్ 2010లో బ్రైటన్‌లో మొదలైంది. యజమానులకు ఇందులో ఇంకో లాభం కూడా ఉందని నాకు తర్వాత తెలిసింది. ఇక్కడి ఇంటి బీమాలు చాలావాటిలో ఇల్లు వరుసగా ముప్పై రోజులో అరవై రోజులో ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకు పరిహారం ఇవ్వరు. జనవరి చలికి పైపు పగిలితే చూసేవాళ్లు లేని ఇల్లు ఏమవుతుందో వాళ్లకు తెలుసు. కాబట్టి కుక్కకు ఎంత అవసరమో, పైపులకూ నేను అంతే అవసరం.

నా మొదటి తొమ్మిది దరఖాస్తులకు జవాబే రాలేదు. నా పేరు చూసి వదిలేశారా, నా గురించి ఎవరూ ఒక మంచిమాట రాసి ఉండకపోవడం చూసి వదిలేశారా అన్నది తేల్చుకునే దారి లేదు. రెండోదే అనుకుంటే నిద్ర పడుతుంది. అందుకని చుట్టుపక్కల శని, ఆదివారాలతో మొదలుపెట్టాను. వోకింగ్‌హామ్‌లో కుందేళ్ల జత, కావర్‌షమ్‌లో మనిషిని చూస్తే మంచం కిందకు దూరే పిల్లి, మరో ఇంట్లో చేపల తొట్టి. ముగ్గురూ నాలుగు మంచి మాటలు రాశాక తలుపులు తెరుచుకున్నాయి.

ఇదంతా మన పెళ్లి సంబంధాల వ్యవహారంలాగే ఉంటుంది. ముందు ఫొటోలు, తర్వాత ఎవరైనా తెలిసినవాళ్ల మాట, ఆ తర్వాత వీడియో కాల్. ఆ కాల్ అచ్చం పెళ్లిచూపులే. వాళ్లు నన్ను చూస్తారు, నేను వెనకాల కనిపించే ఇంటిని చూస్తాను, మధ్యలో కుక్కను తెచ్చి కూర్చోబెడతారు. అది తల తిప్పేసుకుంటే అందరం ఇబ్బందిగా నవ్వుతాం.

ఆగస్టు ఆఖరున ఫ్లాటు ఖాళీ చేశాను. సామాను నెల అద్దెకు ఒక గోదాములో పెట్టాను. ఉత్తరాలు మా అబ్బాయి చిరునామాకు మళ్లించమని తపాలా శాఖకు రుసుము కట్టాను. సొంత చిరునామా లేకపోవడం ఎంత పనో అప్పుడు తెలిసింది. డ్రైవింగ్ లైసెన్సు మీద పాత చిరునామా ఉంటే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. కారు రాత్రిపూట ఎక్కడ ఆగుతుందో బీమావాళ్లకు చెప్పాలి. నేను ప్రతి ఆరు వారాలకూ ఫోన్ చేసి ఇంకో ఊరి పేరు చెబుతుంటే, ఒకమ్మాయి "మీరు సర్కస్‌లో పనిచేస్తారా?" అని నిజంగానే అడిగింది. డాక్టరు విషయం మాత్రం నయం. కొత్త ఊళ్లో ఒక రోజు కంటే ఎక్కువ, మూడు నెలల కంటే తక్కువ ఉంటే అక్కడి ఆస్పత్రిలో తాత్కాలిక రోగిగా పేరు రాయించుకోవచ్చు.

అసలు చదువు మొదలైంది విట్బీలో. యార్క్‌షైర్ తీరంలో చిన్న రేవు ఊరు. కొండ మీద శిథిలమైన మఠం, అక్కడికి నూట తొంభైతొమ్మిది మెట్లు, కింద పొగబెట్టిన హెర్రింగ్ చేపల వాసన. ఆ వాసనకు నాకు వెంటనే మా ఊరి ఎండుచేపలు గుర్తొచ్చి, మొదటిరోజే ఆ ఊరితో చుట్టరికం కలిసింది. ఇంటివాళ్లు రిటైరైన దంపతులు, కూతురి పురిటికి ఆరు వారాలు న్యూజిలాండ్ వెళ్తున్నారు. పురిటికి అన్న మాట వినగానే వాళ్లూ మనవాళ్లే అనిపించింది. కుక్క నల్లటి లాబ్రడార్, ఆరేళ్లది, ముప్పై రెండు కిలోలు. దాని ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగక "నల్లన్న" అని పిలిచాను. రెండోరోజుకల్లా పలికాడు. కూర్చో, రా, పద, వద్దు: ఈ నాలుగు తెలుగు మాటలూ వారంలో వచ్చేశాయి. మా అబ్బాయికి ఇంతకన్నా ఎక్కువకాలం పట్టింది.

వాళ్లు నాకు పద్నాలుగు పేజీల కాగితాలు ఇచ్చి వెళ్లారు. ఏ వారం ఏ రంగు చెత్తడబ్బా బయట పెట్టాలి, బాయిలర్ ముల్లు ఏ రెండు అంకెల మధ్య ఉండాలి, నీళ్లు కట్టేసే మర ఎక్కడుంది, పశువైద్యుడి ఫోన్, పక్కింట్లో ఉండే మారు తాళంచెవి. మూడో పేజీలో ఒక వాక్యం కింద గీత గీసి ఉంది: నాలుగు గంటలకు మించి కుక్కను ఒంటరిగా వదలవద్దు. ఇది వాళ్ల చాదస్తం కాదు, ఇక్కడి జంతు సంక్షేమ సంస్థలు చాలావరకు అదే చెబుతాయి.

నాలుగు గంటలంటే చాలా సమయం అనుకున్నాను. ఇంగ్లండు పటం ముందు పెట్టుకున్నాక అర్థమైంది. వెళ్లడానికి రెండు, రావడానికి రెండు. అంటే నా ప్రపంచం ఇంటి గుమ్మానికి కట్టిన రెండు గంటల తాడు పొడవు. యార్క్ నగరం కారులో గంటా పావు దూరం. వెళ్లిరావడానికే రెండున్నర గంటలు. మిగిలిన గంటన్నరలో కారు ఆపే చోటు వెతుక్కుని, ఆ పెద్ద చర్చి గుమ్మం దాకా నడిచి, లోపలికి తొంగిచూసి పరిగెత్తుకుని రావాలి. ఒకసారి అలాగే చేశాను. ఏం చూశానో గుర్తులేదు, గడియారం ఒక్కటే గుర్తుంది. తర్వాత యార్క్ ఊసెత్తలేదు. ఈ పనిని ఉచితంగా ఊళ్లు చూసే ఉపాయమని చెప్పేవాళ్లు పిల్లినైనా పెంచి ఉండరు.

తాడు పొట్టిదైతే ఒక లాభం ఉంది. అదే దారిన ఎనభైసార్లు నడుస్తాం. పొద్దున ఆరున్నరకు, సాయంత్రం మూడున్నరకు నల్లన్నను ఇసుకలోకి తీసుకెళ్లాలి. సముద్రం పోటు మీదుంటే ఇసుకే ఉండదు, గోడ దాకా నీళ్లే. కాబట్టి పోటు, ఆటు వేళల పట్టిక వంటింట్లో అంటించి ఉండేది. పోటు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుందన్నది నేను అక్కడ కళ్లారా చూసి నేర్చుకున్నాను. సూర్యలంక సముద్రానికి అంత దగ్గర్లో పుట్టి పెరిగి, యాభై నాలుగేళ్లకు విట్బీలో ఒక కుక్క కోసం! మూడోవారానికి నన్ను అందరూ పలకరించసాగారు. నా పేరు ఎవరికీ తెలియదు. వాళ్లకు నేను నల్లన్నతో తిరిగే మనిషిని. కుక్క లేకుండా రొట్టెల దుకాణానికి వెళ్తే, అక్కడి ఆయన నా వెనక్కి తొంగిచూసి "ఎక్కడ?" అనేవాడు.

నవంబర్ 5న ఇక్కడ ఊరూరా బాణసంచా. 1605లో పార్లమెంటును పేల్చేయబోయిన కుట్ర భగ్నమైనందుకు ఇప్పటికీ జరుపుకునే పండుగ. కుక్కలకు అది నరకం. తెరలన్నీ దించి, టీవీలో సన్నాయి కచేరీ పెద్దగా పెట్టి, మెట్ల కింద అరలో దుప్పటి పరిచి నేనూ నల్లన్నతో కూర్చున్నాను. డోలు మోతకు బయటి టపాకాయలు కొంత అణిగాయి. వణుకు తగ్గేసరికి పదకొండయింది.

వారం తర్వాత, 12న, మన దీపావళి. ఆదివారం. ఒక్కదాన్నే కదా అని ఊరుకోలేక సేమియా పాయసం పెట్టాను. నేతిలో వేయించిన జీడిపప్పు, కిస్మిస్ చిన్న గిన్నెలో తీసి బల్ల అంచున పెట్టి, ప్రమిద వెలిగించడానికి గుమ్మంలోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గిన్నె నేల మీద ఉంది. నల్లన్న దాన్ని నాకుతూ ముందుకు తోస్తున్నాడు. గిన్నె మెరుస్తోంది.

ఉల్లిపాయ కుక్కకు పడదని తెలుసు, చాక్లెట్ విషమని తెలుసు. ద్రాక్ష, కిస్మిస్ కూడా అంతేనని, కొన్ని కుక్కల్లో కాస్త తిన్నా మూత్రపిండాలు దెబ్బతింటాయని ఆ కాగితాల్లో ఉంది. చదివాను కూడా. చదివినది చేతికి రావడానికి వేరే దారి ఉంటుందేమో. ఆదివారం సాయంత్రం, మామూలు ఆస్పత్రి మూసి ఉంటుంది. అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే, "ఎన్ని తిన్నాడు, ఎంతసేపయింది, బరువెంత?" అని మూడే ప్రశ్నలు అడిగి వెంటనే తీసుకురమ్మన్నారు. చీకట్లో కొండదారిన నలభై నిమిషాలు. వెనక సీట్లో నల్లన్న హుషారుగా కిటికీలోంచి చూస్తున్నాడు, ఏదో షికారు అనుకుని.

ఇంజెక్షన్ ఇచ్చిన పది నిమిషాలకు వాంతి చేసుకున్నాడు. నర్సు చేతి తొడుగులు వేసుకుని ఆ వాంతిలోంచి కిస్మిస్‌లు ఒక్కొక్కటీ పక్కకు తీసి లెక్కపెట్టింది. ఇరవై మూడు. "మీరెన్ని వేయించారు?" అంది. ఎవరు లెక్కపెట్టి వేయిస్తారు? గుప్పెడు. ఆమె నా గుప్పిట చూపించమంది, చూసింది, "సరిపోవచ్చు" అంది. ఆ రాత్రి సెలైన్ పెట్టి ఉంచుకున్నారు. రెండురోజుల తర్వాత చేసిన రక్తపరీక్షలో ఏమీ లేదు.

న్యూజిలాండ్‌లో అప్పటికి సోమవారం ఉదయం ఏడు. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుండగా ఇంటాయనకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "అయ్యో, పోయిన క్రిస్మస్‌కు వాడు ఎండుద్రాక్షల కేకు ముక్క కూడా లాగేశాడు. అది మీకు రాయడం మరిచిపోయాం" అన్నాడు. పద్నాలుగు పేజీల్లో పనికొచ్చే వాక్యం అదొక్కటే లేదు. బీమా పోను మిగిలిన బిల్లు నేను కడతానన్నాను. సగం మాత్రం ఒప్పుకున్నారు. అప్పటినుంచీ ప్రతి పెళ్లిచూపుల్లోనూ నా మొదటి ప్రశ్న ఒకటే: తినకూడనిది ఇది ఇదివరకు ఏం తింది? ఈ ప్రశ్నకు జవాబివ్వని ఇల్లు ఇంతవరకు తగల్లేదు. సాక్సు, సబ్బు, ఒక ఇంట్లో టీవీ రిమోటు.

జనవరిలో హెబ్డెన్ బ్రిడ్జ్. యార్క్‌షైర్‌లోనే, కానీ సముద్రం లేదు, లోయ. స్థలం చాలక పూర్వం అక్కడ ఇంటి మీద ఇల్లు కట్టారు. కింది ఇంటికి కింది వీధిలో గుమ్మం, దాని నెత్తిన ఉన్న ఇంటికి వెనక కొండవైపు వీధిలో గుమ్మం. నాది పై ఇల్లు. 2015 క్రిస్మస్ మర్నాడు వచ్చిన వరదలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో దుకాణాలవాళ్లు ఇప్పటికీ చేయి పెట్టి చూపిస్తారు. అక్కడ నా అప్పగింత ఒక పదమూడేళ్ల పిల్లి. పేరు ఆలివ్. చక్కెర జబ్బు. పన్నెండు గంటలకోసారి ఇన్సులిన్, పొద్దున ఏడు, రాత్రి ఏడు.

యజమానురాలు నన్ను రెండురోజుల ముందే రమ్మంది. మొదట నారింజపండు మీద, తర్వాత ఆమె చూస్తుండగా ఆలివ్ మీద నాలుగుసార్లు సూది వేయించింది. ముందు తిండి పెట్టాలి. తినకపోతే సూది వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆ మందు సీసాను ఊపకూడదు, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. సిరంజి మీద రెండో గీత దాకా లాగి, బుడగ లేకుండా చూసుకుని, పిల్లి తింటూ ఉండగానే భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా ఎత్తి, ఆ గుడారం గుమ్మంలోకి పంపినట్టు సూది పంపాలి. తీశాక అక్కడ వేలితో తడమాలి. వెంట్రుకలు తడిగా ఉంటే మందు బయటికి పోయినట్టు. అలా పోయినా సరే, రెండోసారి వేయకూడదు. తక్కువైతే ఒక పూట ఇబ్బంది, ఎక్కువైతే ప్రాణాపాయం. తూలినా, కళ్లు తేలేసినా చిగుళ్లకు తేనె రాయాలి. తేనె సీసా ఫ్రిజ్ పక్కనే, మూత వదులుగా పెట్టి ఉండేది.

మా అమ్మకూ ఇరవై ఏళ్లుగా ఇన్సులిన్. మా తమ్ముడి భార్య వేస్తుంది. పొద్దున ఏడుకు ఆలివ్ పని ముగించి నేను ఫోన్ చేసేసరికి బాపట్లలో మధ్యాహ్నం పన్నెండున్నర. అమ్మ భోజనానికి కూర్చునే వేళ. "పిల్లికి సూది వేశావా?" అని అడిగేది. "వేశాను. నీకు వేశారా?" అనేదాన్ని. "వేసింది, వేసింది. తిందా అది?" ఏడు వారాలు మా ఇద్దరి మధ్యా మొదటి మాటలు ఇవే. కుక్కల కాపలా అని ఎగతాళి చేసిన మనిషి, ఒకరోజు నేను ఫోన్ చేయడం పది నిమిషాలు ఆలస్యమైతే తానే చేసి పిల్లి ఎలా ఉందని కంగారుపడింది.

ఆలివ్ తాడు వేరే రకం. పొడవు పదకొండున్నర గంటలు, కానీ కొసన ముడి గట్టిది. పని లేని రోజుల్లో రైలెక్కి లీడ్స్, మాంచెస్టర్, బ్రాడ్‌ఫర్డ్ తీరిగ్గా చూశాను. బ్రాడ్‌ఫర్డ్‌లో కరివేపాకు, పెద్ద ఉసిరికాయలు దొరికాయి. ఒక సాయంత్రం లీడ్స్‌లో నేను ఎక్కాల్సిన రైలు రద్దయింది, తర్వాతిది నిండిపోయింది. హెబ్డెన్ బ్రిడ్జ్‌లో దిగేసరికి ఏడు దాటి పదిహేను. ఆ కొండ మీదికి రాళ్లు పరిచిన దారిన, ఉసిరికాయల సంచీతో పరిగెత్తాను. పరుగంటే ఎలాంటిదో చూసినవాళ్లకే తెలుసు. తలుపు తీసేసరికి ఏడూ నలభై. ఆలివ్ ఖాళీ పళ్లెం ముందు కూర్చుని గోడవైపు చూస్తోంది. గంట అటూ ఇటూ అయినా ఫరవాలేదని డాక్టరు ముందే చెప్పినా, నోటు పుస్తకంలో 7.40 అని రాస్తుంటే అక్షరాలు వంకర పోయాయి.

ఈ మధ్యలోనే హైదరాబాద్ నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, నేనూ టూరిస్టు వీసా మీద వచ్చి ఇలా ఆరునెలలు తిరగొచ్చా?" అంది. వద్దన్నాను. నాకు ఇక్కడి పౌరసత్వం ఉంది కాబట్టి గొడవ లేదు. సందర్శకుల వీసా మీద వచ్చినవారు, డబ్బు చేతులు మారకపోయినా, వసతికి బదులు పనిచేయడం కూడా ఉద్యోగం కిందకే వస్తుందని చాలా దేశాల అధికారులు అంటారు. 2022లో ఒక ఆస్ట్రేలియా అమ్మాయిని లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో సరిగ్గా ఇందుకే ఆపి వెనక్కి పంపారు. వెబ్‌సైటు చందా కట్టించుకుంటుంది గానీ వీసా ఇప్పించదు. ఆ పిల్ల నా మీద అలిగింది.

లెక్కల మనిషిని కాబట్టి లెక్కా రాసుకున్నాను. పద్నాలుగు నెలల అద్దె పదహారు వేల ఎనిమిది వందల పౌండ్లు మిగిలాయి. గోదాము అద్దె, పెట్రోలు, ఏ ఇల్లూ దొరకని ముప్పై ఐదు రాత్రుల బస, చందాలు, బీమాలు కలిపి ఐదు వేల మూడు వందల చిల్లర. నికరం పదకొండున్నర వేలు. బాగుంది కదా? ఇప్పుడు రెండో పేజీ చూడండి. మూడు వందల తొంభై రోజులు, రోజుకు మూడు గంటల చొప్పున నడకలు, తిండి, శుభ్రం చేయడం, తోట. 2024 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు ఇక్కడి కనీస వేతనం గంటకు 11.44 పౌండ్లు ఉండేది. ఆ లెక్కన నా పని విలువ పదమూడు వేలు దాటింది. అంటే సుమారు రెండు వేలు నేనే ఎదురుకట్నం ఇచ్చాను. నాకు ఆదా అయిన కరెంటు, గ్యాసు, ఇంటిపన్ను కూడా వేస్తే సరికి సరి. అందుకే పన్నెండు గొర్రెలు, రెండు గుర్రాలు, అద్దె గదులకు వచ్చే అతిథుల పక్కబట్టలు అన్నీ చూసుకోవాలి అని ప్రకటన ఇచ్చేవాళ్లకు నేను రాయను. అది చాకిరీ. ఇంట్లో కెమెరాలు ఆపడానికి ఒప్పుకోనివాళ్లకూ రాయను. తెల్లవారుజామున నైటీలో దోసెపిండి కలుపుకునే ఆడదాన్ని ఆక్లండ్‌లో కూర్చుని ఎవరో ఎందుకు చూడాలి?

దోసెపిండి అన్నాను కాబట్టి ష్రాప్‌షైర్ సంగతి చెప్పాలి. ఏప్రిల్ నుంచి జూన్ ఆఖరు దాకా లడ్లో దగ్గర ఒక పాత రైతు ఇల్లు, ఆరు కోళ్లు. ఆ వంటింట్లో ఆగా పొయ్యి ఉంది. పోత ఇనుముతో చేసిన పెద్ద బీరువా లాంటిది. నోబెల్ బహుమతి పొందిన స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త గుస్తాఫ్ దాలెన్ 1922లో కనిపెట్టాడు. మంట కనిపించదు, ఆర్పరు, పగలూ రాత్రీ వేడిగానే ఉంటుంది. దాని పక్కన పెడితే ఆ చలిలో కూడా పిండి రాత్రికి రాత్రి పొంగింది. మూతలు రెండు, ఒకటి బాగా వేడి, రెండోది మోస్తరు. మోస్తరు మూత ఎత్తితే కింద పెద్ద గుండ్రని ఇనుప పలక, అచ్చం పెనం. ఇంటావిడ దాని మీద నేరుగా పాన్‌కేకులు కాలుస్తానని చెప్పింది. నేను ఉల్లిపాయ ముక్కతో నూనె రాసి, గరిటెడు పిండి పోసి తిప్పాను. అంచులు వాటంతటవే లేచాయి. నా జన్మలో అంత సమంగా ఎర్రబడ్డ దోసె పోయలేదు. పెనం ఒక పక్క మాడి ఒక పక్క తెల్లబోయే బాధే లేదు. దాలెన్‌గారు మన ఇంట పుట్టవలసినవాడు.

తిరగమోత మాత్రం నాకు ఎప్పుడూ భయమే. ఇల్లు అప్పగించే రెండురోజుల ముందు నుంచి ఇంగువ, ఆవాలు బంద్. కిటికీలు బార్లా తెరిచి, తెరలు ఉతికి, పెరుగన్నంతో సరిపెట్టుకునేదాన్ని. ఒక ఇంట్లో ముందే "కూరల వాసన వచ్చే వంట వద్దు" అని రాశారు. వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. నేనూ వెళ్లలేదు, నా ఇష్టం.

కోళ్లకు తాడు సూర్యాస్తమయం. చీకటి పడితే అవే గూట్లోకి వెళ్తాయి. మనం వెళ్లి లెక్కపెట్టి తలుపు వేయాలి, లేకపోతే నక్క వేస్తుంది లెక్క. మా అమ్మమ్మ సందెవేళ గంప కింద కోళ్లను మూసేది, అదే పని. తేడా ఏమిటంటే ఇక్కడ ఏప్రిల్‌లో ఎనిమిదికి మూసే తలుపు జూన్‌లో పదికి. వేసవి వచ్చేకొద్దీ నా తాడు తానే పొడుగైంది. మేలో ఒక పెట్ట పొదగడానికి కూర్చుంది. పుంజే లేదు, ఆ గుడ్లు పిల్లలు కావు. అయినా లేవదు, చేయి పెడితే పొడుస్తుంది. అమ్మమ్మ అయితే నీళ్లలో ముంచి తీసేది. కాగితాల్లో మాత్రం అడుగున గాలి తగిలే తీగల పంజరంలో మూడురోజులు ఉంచమని ఉంది. ఉంచాను. మూడురోజులూ నన్ను తిట్టింది.

మే 10 రాత్రి కోళ్ల తలుపు వేశానో లేదో అని అనుమానం వచ్చి, పడుకున్నదాన్ని లేచి పదకొండుకు టార్చితో బయటికి వచ్చాను. తలుపు వేసే ఉంది. తల ఎత్తితే ఆకాశం గులాబీ రంగులో ఉంది. ఎక్కడో మంటలనుకున్నాను. కాసేపటికి దానిలోంచి ఆకుపచ్చ పట్టీలు నిలువుగా లేచి, నెత్తి మీద ఒకచోట కలుసుకుని గొడుగులా తెరుచుకున్నాయి. ఎన్నో ఏళ్లకు వచ్చిన పెద్ద సౌర తుఫాను అట. ఆ రాత్రి ఉత్తర ధ్రువ కాంతులు ఇంగ్లండు దక్షిణం దాకా కనిపించాయి. వాటిని చూడటానికి జనం నార్వేకు, ఐస్‌లాండ్‌కు వేలు పోసి వెళ్తారు. నేను నైటీ, రబ్బరు బూట్లు, చేతిలో టార్చి. పంజరంలో పెట్ట ఒకసారి కొక్కొరించి ఊరుకుంది.

ఆఖరి ఇల్లు స్కాట్లండ్‌లో ఇన్వర్నెస్‌కు పైన బ్లాక్ ఐల్. అక్కడ కాలీ జాతి కుక్క, పద్నాలుగేళ్లది. చెవులు వినబడవు, వెనక కాళ్లు వణుకుతాయి. వీడియో కాల్‌లోనే ఇంటావిడ సూటిగా అడిగింది: "మేము లేనప్పుడు పోతే తట్టుకుంటారా?" ఏ డాక్టరు, దహనం ఎక్కడ, ఎంత బాధలో ఉంటే ఇక ఆపాలి, అన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టింది. ఆఖరి వరుస: మా కోసం ఆగవద్దు. రోజూ చానన్రీ పాయింట్ దాకా మెల్లగా నడిచేవాళ్లం. ఆటు అయిపోయి నీళ్లు మళ్లీ లోపలికి రావడం మొదలైనప్పుడు సాల్మన్ చేపల వెంట డాల్ఫిన్లు ఒడ్డుకు ఎంత దగ్గరగా వస్తాయంటే వాటి ఊపిరి వినిపిస్తుంది. కుక్కకు వినపడదు కదా, కానీ అవి వచ్చినప్పుడల్లా ముక్కు అటు తిప్పేది. నా పూటలో పోలేదు. వాళ్లు తిరిగొచ్చిన మూడు వారాలకు, వాళ్ల ఒడిలోనే పోయిందని కబురు వచ్చింది.

అక్టోబర్‌లో బాపట్ల వెళ్లాను. మా తమ్ముడి భార్యకు నెలరోజులు అమ్మకు సూది వేసే పని నుంచి సెలవు ఇప్పించాను. మొదటిరోజు పొద్దున ఏడింటికి ఫ్రిజ్‌లోంచి సీసా తీసి అరచేతుల మధ్య దొర్లిస్తుంటే అమ్మ కుర్చీలో కూర్చుని చూస్తోంది.

"పిల్లికి ముందు తిండి పెట్టి, తింటుండగా సూది వేసేదాన్నన్నావు కదా?"

"అవును."

"మరి నాకు?"

"ఇది వేరే మందమ్మా. వేసిన అరగంటకు నువ్వు తినాలి."

పొట్ట మీద చీర పక్కకు జరుపుకుంటూ, "పిల్లి నయం" అంది.